భార్య అని రాసిన గడిలో

పోయిన సంక్రాంతి ముందు మా ఇంటికి ఒక దరఖాస్తు వచ్చింది. జాంబియా దక్షిణ ప్రాంతంలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడ ఆరు నెలలు స్వచ్ఛందంగా పనిచేయడానికి రమ్మని పిలుపు. ముప్ఫై ఏళ్ల కిందట మేమిద్దరం మూడేళ్లు ఉండి వచ్చిన చోటే అది. మా ఆయన ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యారు. నేను నర్సుని. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం కాన్పుల గదిలోనే గడిచింది. ఇప్పుడు ఆయనకి అరవై ఎనిమిది, నాకు అరవై నాలుగు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని దరఖాస్తు నింపడం మొదలుపెట్టారు. మా ఇల్లు చీమకుర్తిలో కర్నూలు రోడ్డుకి దగ్గర. గ్రానైటు లారీలు పోతుంటే గెలాక్సీ రాయి దుమ్ము కాగితాల మీద కూడా పడుతుంది. ఆయన చదువుకి ఒక గడి, అనుభవానికి మూడు గడులు, చేయగల పరీక్షల జాబితాకి ఒక పేజీ ఉన్నాయి. నా వంతు చివరి పేజీలో వచ్చింది. "వెంట వచ్చే భార్య" అని శీర్షిక. పేరు, వయసు, ఆరోగ్య పరిస్థితి. అంతే. నేనేం చేయగలనో రాసే గడి లేదు.

"అది మామూలు ఫారమేలే, అందరికీ అదే పంపుతారు" అన్నారు మా ఆయన. నిజమే. అందరికీ అదే పంపుతారు. నాకు బాధ కలిగించింది కూడా అదే.

1992లో కూడా ఇదే జరిగింది. అప్పుడు ఒప్పందం ఆయన పేరు మీద, చేతి ఖర్చులు ఆయన పేరు మీద, అనుమతి పత్రంలో నేను ఆయన మీద ఆధారపడిన మనిషిని. దిగిన రెండో వారానికే నేను రాత్రి డ్యూటీలో ఉన్నాను. అది ఆఫ్రికా ఖండం దక్షిణ భాగమంతా కరువు పడిన సంవత్సరం. సహాయంగా వచ్చిన పసుప్పచ్చ మొక్కజొన్నల్ని అక్కడి వాళ్లు ఇష్టం లేకుండానే దంచి, మన సంకటి లాంటి న్షీమా వండుకునేవాళ్లు. గర్భిణులు పొట్ట చేత్తో పట్టుకుని ఎండలో మైళ్లు నడిచి వచ్చేవాళ్లు. ఎయిడ్స్ కమ్ముకొస్తున్న కాలం. నగరాల్లో గర్భిణులను పరీక్షిస్తే దాదాపు నలుగురిలో ఒకరికి వైరస్ ఉండేది. మందు లేదు. ఒక్కోసారి గ్లవుజులు కడిగి ఆరేసి మళ్లీ వాడేవాళ్లం. మూడేళ్లలో నా చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు పుట్టారో నేను లెక్క పెట్టలేదు. ఆసుపత్రి రిజిస్టరులో ఉండి ఉంటుంది. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చిన మెప్పుకోలు పత్రంలో ఆయన చేసిన సేవ గురించి ఒక పేరా ఉంది. నా గురించి "భార్య సహకారంతో" అన్న రెండు మాటలున్నాయి. అప్పుడు దాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టింది నేనే.

ఇప్పుడెందుకు గుచ్చుకుంటోంది? వయసు మీద పడ్డాక చాదస్తమా? నాకే అనుమానం వచ్చి, ఈ రెండు మాటల వెనక ఏముందో వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడో వెతకాల్సిన పని లేకపోయింది. మా ఊరి నుంచి గంటలోపు దూరంలో ఒంగోలు ఉంది.

*

ఒంగోలులో ప్రార్థన కొండ గురించి వినని క్రైస్తవ కుటుంబం మా వైపు ఉండదు. 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొర ఆ కొండెక్కి, ఈ నేల కోసం ప్రార్థన చేశాడని మా అమ్మమ్మ చెప్పేది. నేను పెద్దయి చదువుకున్నాక తెలిసింది, ఆయన ఒక్కడే ఎక్కలేదని. భార్య యూఫేమియా ఎక్కింది. నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన తెలుగువాళ్లు ఎక్కారు. వాళ్లలో జూలియా అనే తెలుగు స్త్రీ ఉంది. మా అమ్మమ్మ కథలో వీళ్లెవరూ లేరు. ఆమె కథ అల్లింది కాదు, గుడిలో విన్నది చెప్పింది. గుడిలో చెప్పినవాళ్లు దొర దగ్గరే ఆగిపోయారు.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ మిషన్ జాబితాల్లో మిషనరీల భార్యలను "సహాయ మిషనరీలు" అని రాసేవారు. జీతం భర్తది. పిల్లల్ని కని పెంచడం, బడి నడపడం, ఇంటికొచ్చిన రోగులకు మందివ్వడం, ఊరి ఆడవాళ్లతో మాట్లాడటం ఆమె పని. చాలామంది ఈ నేలలోనే పసిపిల్లల్ని పూడ్చిపెట్టారు, తామూ పోయారు. వాళ్ల పేర్ల ముందు ఏ హోదా లేదు.

జాన్ క్లౌ గారు 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించారు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మా పూర్వీకులు ఆ నీళ్లలో ఉన్నారని మా ఇంట్లో నమ్మకం. ఇదంతా క్లౌ గారి చరిత్రగానే మాకు తెలుసు. మొదట్నుంచీ ఆయన పక్కన ఉన్న మొదటి భార్య హారియెట్, 1893లో చనిపోయిన ఆవిడ, ఎక్కడ? ఆయన వచ్చిన కొత్తలోనే నమ్మిన తాళ్లకొండపాడు మాదిగ నాయకుడు యర్రగుంట్ల పేరయ్యను అందరూ తలుచుకుంటారు. ఆయన భార్య నాగమ్మ పేరు ఎంతమందికి తెలుసు? దొరసానిని మరిచిపోతే ఒకసారి మరిచిపోయినట్టు. నాగమ్మను ఆడదానిగా ఒకసారి, మాదిగదానిగా ఇంకోసారి మరిచిపోయాం.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఆమె 1882లో పెళ్లి కాని మిషనరీగా తెలుగు దేశం వచ్చింది. తర్వాత యూరపు వెళ్లి స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసింది. దేని మీద? మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. స్త్రీల హక్కుల సమర్థన కోసం 1792లోనే పుస్తకం రాసిన ఆ ఇంగ్లిషు స్త్రీ మీద ఒంగోలు మిషనరీ పరిశోధన చేసింది. అది 1898లో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది మాదిగల జీవితం, వాళ్ల గురువులు, మాతంగులు, వాళ్ల నమ్మకాల గురించి ఆమె రాసిన పుస్తకం వచ్చింది. చెప్పులు కుట్టే చేతుల వాళ్లకూ చెప్పాల్సిన కథలున్నాయని ఆమె కూర్చుని విన్నది. అయితే విన్న మాటలు ఇంగ్లిషులో, అమెరికా పాఠకుల కోసం వెళ్లాయన్న సంగతీ మరవకూడదు.

1894లో ఆమె క్లౌను పెళ్లి చేసుకుంది. 1910లో ఆయన పోయాడు. 1914లో ఆయన ఆత్మకథ వచ్చింది. అట్ట లోపలి పేజీలో రచయిత జాన్ క్లౌ. కింద, ఆయన కోసం ఆయన భార్య రాసిపెట్టింది అని ఉంటుంది. ఆ పుస్తకంలో "నేను" అన్న ప్రతిచోటా ఆయనే. కలం పట్టుకున్నది ఆమె. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద డాక్టరేటు చేసిన మనిషి, భర్త గొంతుతో నాలుగొందల పేజీలు రాసింది. దాన్ని ప్రేమ అనాలో చాకిరీ అనాలో నాకు తెలియదు. రెండూ ఒకే పనిలో కలిసి ఉంటాయని మాత్రం నలభై ఏళ్ల కాపురం చేసినదానిగా తెలుసు.

వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఎలా పోయిందో చదివినప్పుడు మాత్రం నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగాను. 1797 ఆగస్టు 30న ఆమెకు కూతురు పుట్టింది. మగ డాక్టరు వద్దని మంత్రసానినే పిలిపించుకుంది. బిడ్డ క్షేమంగా వచ్చింది. మాయ పడలేదు. తర్వాత వచ్చిన డాక్టరు చెయ్యి పెట్టి ముక్కలుగా తీశాడు. చేతులు కడుక్కోవాలన్న జ్ఞానం అప్పటికి లేదు. జ్వరం వచ్చి సెప్టెంబరు 10న పోయింది. జాంబియాలో మాయ పడని కాన్పులు నేను చూశాను. పెట్రోమాక్స్ వెలుగులో, డాక్టరు నూరు మైళ్ల దూరంలో ఉండగా, మోచేతి దాకా గ్లవుజు తొడుక్కుని, నా పక్కన నిలబడిన జాంబియా మంత్రసాని చెప్పినట్టు నేనే తీశాను. ఆ తల్లి బతికింది. ఆ రాత్రి కూడా కాగితాల్లో నేను "వెంట వచ్చిన భార్య"నే.

*

ఆసుపత్రులు కట్టిన స్త్రీల పేర్లు మాత్రం చరిత్రలో నిలిచాయి. ఎందుకని చూస్తే ఒక సంగతి తేలింది. వాళ్లలో చాలామంది పెళ్లి చేసుకోనివాళ్లు.

1860ల నుంచి అమెరికాలో చర్చి స్త్రీలు సొంత సంఘాలు పెట్టుకుని, చిల్లర కూడబెట్టి, ఆడవాళ్లనే విదేశాలకు పంపడం మొదలుపెట్టారు. అలా వచ్చిన డాక్టర్ క్లారా స్వెయిన్ 1870లో బరేలీ చేరింది. మన గుంటూరుకి 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆమె పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుంది. తర్వాత ఏడేళ్లకు మన ఆనందీబాయి జోషి డాక్టరైంది ఆ కళాశాలలోనే. డాక్టరైన కుగ్లర్‌ని మిషన్ బోర్డు మొదట డాక్టరుగా పంపలేదు. వైద్యానికి ఇంకా సిద్ధంగా లేమని చెప్పి వేరే పనికి పంపింది. ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకుంది. 1885లో గానీ వైద్య మిషనరీగా గుర్తించలేదు. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే గడిలో తన పని రాయించుకోవడానికి కుగ్లర్‌కి రెండేళ్లు, గోడలు లేపడానికి పదిహేనేళ్లు పట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఇప్పటికీ ఆ ఆసుపత్రిని జనం కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు.

పెళ్లి చేసుకుని ఉంటే? మహిళా సంఘం ఉద్యోగిగా ఉండాల్సింది, భర్త బోర్డు జాబితాలో సహాయ మిషనరీ అయ్యేది. మదనపల్లెలో వైద్యం చేసిన జేకబ్ చాంబర్లెన్ కథ అందరూ చెబుతారు. 1860లో వచ్చి, ఆరోగ్యం దెబ్బతిని వెళ్లి, మళ్లీ మళ్లీ తిరిగొచ్చి, 1908లో మదనపల్లెలోనే పోయాడు. అడవుల్లో పులుల మధ్య తిరిగిన కథలు పుస్తకంగా రాశాడు. ఆయన తిరిగొచ్చిన ప్రతిసారీ సామాన్లు సర్దింది, పిల్లల్ని విడిచి వచ్చే ఏర్పాట్లు చేసింది భార్య షార్లెట్ కాకుండా ఇంకెవరై ఉంటారు? ముసలితనంలో జంటగా తిరిగి రావడం అనే మాటలో ఆ రెండో మనిషి ఎప్పుడూ సామాన్ల దగ్గరే ఉంటుంది.

మూడో వరస కూడా ఒకటుంది. కుగ్లర్ లాంటి డాక్టరమ్మ ఒంటరిగా ఆసుపత్రి నడపలేదు. నీళ్లు మోసినవాళ్లు, నెత్తురు గుడ్డలు ఉతికినవాళ్లు, రాత్రిళ్లు మెలకువగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. మా అమ్మమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. కాన్పు మైల, మాయ పూడ్చడం మైల, పురిటి గుడ్డలు మైల. ఆ మైల పనులన్నీ ఊళ్లో మా వాడ ఆడవాళ్లవే. ఆసుపత్రిలోకి వచ్చేసరికి అదే పనికి తెల్ల చీర, నెల జీతం, చదువు వచ్చాయి. అమ్మమ్మ ఆయా అయితే అమ్మ నర్సయింది. అమ్మ తెల్ల బట్టలేసుకుని బస్సెక్కితే పక్క సీట్లో కూర్చోని వాళ్లని నేను చిన్నప్పుడు చూశాను. వాళ్లే కోడలికి నొప్పులొస్తే అర్ధరాత్రి మా తలుపు కొట్టారు. మిషన్ మాకు ఏమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను మతం కంటే ముందు ఈ మాట చెబుతాను. మైల అని తోసేసిన పనికి ఒక పేరు, ఒక జీతపు రసీదు ఇచ్చింది. జీతపు రసీదు విలువ తెలిసిన ఇంట పుట్టిన నేను, అది లేకుండా మూడేళ్లు పనిచేసి, అడగాలని కూడా అనుకోలేదు. డబ్బు సంగతి కాదు, ఆయనకూ జీతమేమీ లేదు. పేరు సంగతి.

*

దరఖాస్తు వచ్చిన వారంలోనే న్యూజెర్సీ నుంచి మా అమ్మాయి ఫోన్. "అమ్మా, ఆగస్టులో నాకు డేట్ ఇచ్చారు. నువ్వు రావాలి. ఆరు నెలలుండు." పెద్దదానికి పురుడు పోయడానికి ఒకసారి, కోడలికి ఒకసారి ఇప్పటికే వెళ్లొచ్చాను.

మన తెలుగు ఆడవాళ్లు ముసలితనంలో విదేశాలకు వెళ్లి చేసే స్వచ్ఛంద వైద్య సేవ ఏమిటంటే ఇదే కదా. ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి, నరసరావుపేట నుంచి అరవై దాటిన అమ్మలు కారప్పొడి, కాయం, శొంఠి, వాము కట్టుకుని విమానమెక్కుతారు. చలిలో తలుపులేసుకుని బాలింతకు పథ్యం వండుతారు, పసివాడికి నూనె రాసి స్నానం చేయిస్తారు, ఆరు నెలల గడువు కాగానే తిరిగొస్తారు. తర్వాత ఆరు నెలలకి వియ్యపురాలు వెళుతుంది. దీన్ని ఏ సంస్థ లెక్కలోనూ రాయరు. దరఖాస్తులో అయితే సందర్శకులు అని రాస్తారు.

వెళ్లకూడదని నేననను. నా బిడ్డ పురుడు నేను చేయకపోతే ఎవరు చేస్తారు అనే మాట నా గుండెలోనూ ఉంది. అయితే అమ్మాయికి పెద్దాసుపత్రి ఉంది, ఇన్సూరెన్సు ఉంది, పని పంచుకునే భర్త ఉన్నాడు. అటు జాంబియా నుంచి నాకొక కబురు వచ్చింది. ఆ రాత్రి పెట్రోమాక్స్ పట్టుకుని నా పక్కన నిలబడిన మంత్రసాని పంపింది. ఆమె కూడా రిటైరైంది. తన దగ్గర నేర్చుకున్న చాలామంది నర్సులు ఇంగ్లండు వెళ్లిపోయారట. 2005 నుంచి ఎయిడ్స్ మందులు ఉచితంగా దొరుకుతున్నాయి, 2006లో పల్లెల్లో ఆసుపత్రి ఫీజులు ఎత్తేశారు, కాన్పులకు వచ్చేవాళ్లు పెరిగారు, నేర్పేవాళ్లు తక్కువయ్యారు. "నువ్వొస్తే ఇద్దరం కలిసి కొత్తపిల్లలకు నేర్పుదాం" అని రాసింది. నా పేరున రాసింది. నా వయసు, ఆరోగ్య పరిస్థితి అడగలేదు.

నాకున్న సందేహాలు కూడా చెప్పాలి. ఆరు నెలలకు వచ్చిపోయే ముసలివాళ్ల వల్ల ఆసుపత్రికి మేలెంత, భారమెంత? క్లారా స్వెయిన్ 1896లో పని మానేసి వెళ్లి, 1907-08లో మళ్లీ ఒకసారి ఇండియా వచ్చి చూసి వెళ్లింది. మన చర్చిలకు కూడా 1970ల తర్వాత అలా తెల్లజుట్టు దొరసానులు వచ్చి, తాము నాటిన చెట్ల కింద ఫోటోలు దిగి, కళ్లు తుడుచుకుని వెళ్లేవాళ్లు. మేం దండలు వేసేవాళ్లం, భోజనాలు పెట్టేవాళ్లం. ఆ రోజు వార్డులో పని ఆగిపోయేది. నేను జాంబియాకి దండ వేయించుకోవడానికి వెళుతున్నానా? ఒకప్పుడు మేం ఎవరి సేవకో పాత్రులం. ఇప్పుడు ఇంకొకరిని పాత్రులుగా చూడటానికి వెళుతున్నామా? ఈ ప్రశ్న వేసుకోకుండా వెళితే, మా అమ్మమ్మ కథలో దొర తప్ప ఎవరూ లేనట్టే, నా కథలో నేను తప్ప ఎవరూ ఉండరు. మాయ తీయడం నాకు నేర్పింది ఆమె. ఆ సంగతి నేను ముందు చెప్పాలి.

సంస్థకి ఉత్తరం రాశాను. నేను వెంట వచ్చే భార్యను కాను, ముప్ఫై నాలుగేళ్ల అనుభవం ఉన్న మిడ్‌వైఫ్‌ని, నాకు వేరే దరఖాస్తు పంపండి అని. మా ఆయన అది చదివి "మరీ అంత గట్టిగానా" అన్నారు. పోస్టు మాత్రం ఆయనే చేసి వచ్చారు.

జవాబు మూడు వారాలకి వచ్చింది. నాకు పూర్తి దరఖాస్తు, వెంటనే నింపి పంపమని. మిడ్‌వైఫ్‌ల అవసరం చాలా ఉందట. ఆయనకి విడిగా రెండు వాక్యాలు రాశారు. ల్యాబులో ఇప్పుడు ఎక్కువ పరీక్షలు యంత్రాలే చేస్తున్నాయని, అక్కడి కుర్రవాళ్లు శిక్షణ పొంది ఉన్నారని, ఆయనకు ప్రస్తుతం ఖాళీ లేదని. కావాలంటే భార్య వెంట రావచ్చని.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. నేను గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. ముప్ఫై ఏళ్లు స్లైడు మీద మలేరియా పురుగును కంటితో వెతికి పట్టుకున్న మనిషి ఆయన.

సాయంత్రం మిరపకాయలు ఎత్తిపోస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "అయితే అక్కడ నేనేం చేస్తాను?" అన్నారు.

1992లో నేను ఆ మాట అడగలేదు. అడగాలని తెలియలేదు. నాకు జవాబు దొరికింది కాన్పుల గదిలో, ఎవరో తలుపు కొట్టి పిలిస్తే. ఆయనకి ఎక్కడ దొరుకుతుందో నేను చెప్పలేను. వండటం నేర్చుకోండి అని నవ్వుతూ అనొచ్చు, అనలేదు. "వెళ్లాక చూద్దాం" అన్నాను.

అమ్మాయికి ఫోన్ చేసి, పురుడికి తను వియ్యపురాలిని పిలుచుకోవాలని, నేను మార్చిలో వస్తానని చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. "నాన్న ఒప్పుకున్నారా?" అని అడిగింది. అడగాల్సింది నన్ను కదమ్మా అన్నాను.

దరఖాస్తు నింపాను. వృత్తి అన్నచోట మిడ్‌వైఫ్ అని రాశాను. చివరి పేజీలో "వెంట వచ్చే భర్త" అనే శీర్షిక ఉంది. పేరు, వయసు, ఆరోగ్య పరిస్థితి. ఆ గడి పక్కన ఖాళీ జాగాలో, ఆయన ముప్ఫై ఏళ్ల ల్యాబ్ అనుభవం, ఏయే పరీక్షలు చేయగలరో చిన్న అక్షరాలతో నేనే రాశాను. వాళ్లు అడగలేదు. అయినా రాశాను.